రోల్‌బారుపై దీపములు

ఆర్మూరు ప్రాంతమున పుష్యమాఘములు వచ్చినంతనే పసుపు త్రవ్వకమును, కొమ్ములనుడికించుటయు నొక్కమారే మీదపడి, పగలు చాలక ట్రాక్టరు రాత్రియు చేనిలో తిరుగవలసి వచ్చును. ముందరి దీపములు త్రోవను చూపునేగాని, వెనుక దుంపలను పెకలించు పనిముట్టు మట్టిలో నెంత లోతునకు దిగినదో చూపజాలవు. అందుచే, బండి బోల్తాపడినపుడు నడుపువానిని కాపాడుటకై నిలిపిన రోల్‌బారునకు, వెనుకవైపు రెండు దీపములను బిగించుట మిక్కిలి మేలు.

ఆ చట్రమునకు రంధ్రము వేయరాదు, వెల్డింగు చేయరాదు. ప్రాణమును నిలుపవలసిన దాని బలము సన్నగిల్లును. రబ్బరు వేసి క్లాంపుతోనే బిగింపవలెను. 12 వోల్టుల బ్యాటరీపై 55 వాట్ల హాలోజెన్ దీపమొక్కటి నాలుగున్నర ఆంపియర్లకు పైగా లాగును. 18 వాట్ల ఎల్‌ఈడీ దీపమునకు ఒకటిన్నర చాలును. ఏదైనను, ఆ కరెంటును చేతి స్విచ్చి గుండా పోనీయక రిలే నమర్చి, బ్యాటరీ చెంతనే ఫ్యూజు పెట్టవలెను. తీగె ఒరసి ఇనుమునకు తగిలిన నిప్పు పుట్టుటకు క్షణము పట్టదు, క్రిందనేమో ఎండిన పసుపాకు!

బస్తాలతో 63వ జాతీయ రహదారిపై నిజామాబాదు మార్కెట్టునకు బయలుదేరునపుడు మాత్రము ఈ దీపములను తప్పక ఆర్పివేయుడు. వెనుక వచ్చువాని కన్నులకు మిరుమిట్లు గొలిపి, ట్రాలీయే కానరాకుండజేయును.