తొలి మాట తోటివారిది

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు తలుచుకోగానే 1937లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర మహిళా సభ, హైదరాబాదు విద్యానగర్‌లో ఆమె పేరున ఉన్న ఆస్పత్రి గుర్తుకొస్తాయి. ఆ సంస్థలకు చాలా ముందే, ఇంకా బాలికగా ఉండగానే, ఆమె సాటి స్త్రీలకు హిందీ నేర్పే బడి పెట్టారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల సమయంలో పద్నాలుగేళ్ల వాలంటీరుగా, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ప్రదర్శన గుమ్మంలో ఆపారు. చిన్న వయసువారికి బాధ్యత అప్పగిస్తే మోయగలరా అన్న సందేహానికి ఇది మంచి జవాబే. కానీ ఒక అసాధారణ వ్యక్తిని చూపించి పదిమందికీ పనికొచ్చే విధానం కట్టలేం. సామాన్య యువతీయువకులు తోటివారి ఆరోగ్యానికి ఎంతవరకు అక్కరకొస్తారు, ఏ షరతుల మీద అక్కరకొస్తారు అన్నదే ఈరోజు నా విషయం.

ఈ ప్రశ్నను హైదరాబాదు తూర్పు వైపున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలను దృష్టిలో పెట్టుకుని ఆలోచిద్దాం. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి విజయవాడ రహదారి మీదుగా వచ్చేవారికి నగరం ఎల్బీనగర్ దగ్గరే మొదలవుతుంది. గ్రూప్స్‌కో, పోలీసు ఉద్యోగానికో, బ్యాంకు పరీక్షకో, సాఫ్ట్‌వేర్ కోర్సుకో వచ్చినవారు చైతన్యపురి, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లోని షేరింగ్ రూముల్లో దిగుతారు. వారికి దగ్గర్లోనే, సింగరేణి కాలనీ వంటి బస్తీల్లో, చదువు మధ్యలో ఆపి దుకాణాల్లోనో కూలి పనుల్లోనో ఉన్న అదే ఈడువారు ఉన్నారు. చదువులో తేడా ఉన్నా ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరిదీ ఒకటే ఇబ్బంది. చేతిలో డబ్బు ఆడదు, ఇంట్లో చెప్పుకోలేరు, ఆస్పత్రికి వెళ్తే ఆ రోజు కూలో క్లాసో పోతుంది. అందుకే జబ్బు ముదిరేదాకా మెడికల్ షాపు మాత్రతో నెట్టుకొస్తారు. ఆస్పత్రులు లేక కాదు. మలక్‌పేటలో, వనస్థలిపురంలో ప్రభుత్వ ఏరియా ఆస్పత్రులున్నాయి, 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు వచ్చాయి. ఆ గుమ్మందాకా తీసుకెళ్లే మనిషే కరువు.

తోటివారి ద్వారా ఆరోగ్య విద్య అన్న ఆలోచనను ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకుంది. 2014 జనవరి 7న కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం పోషణ, లైంగిక ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, మత్తు అలవాట్లు, గాయాలు, హింస, దీర్ఘకాలిక జబ్బుల గురించి తోటి పిల్లలతోనే చెప్పించాలని రాసుకుంది. అయితే అది 10 నుంచి 19 ఏళ్లవారికి. ఆ తోటి బోధకులను ఊరినీ ఆశా కార్యకర్తనూ ఆధారం చేసుకుని ఎంపిక చేస్తారు. వారం వారం ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర కూడా బడిలోనో అంగన్‌వాడీలోనో అందుతుంది. ఊరు విడిచి, బడి దాటి, ఇరవై రెండేళ్ల వయసులో హాస్టల్లో ఉన్న అమ్మాయి ఈ జాబితాల్లో ఎక్కడా లేదు. 2019లో తెలంగాణలో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. పుస్తకం ముందు కళ్లు మూతపడితే బద్ధకమని తనను తాను తిట్టుకునే అమ్మాయికి, ఒకసారి రక్తపరీక్ష చేయించుకో అని చెప్పాల్సింది ఎవరు? ఇరుకు గదిలో ఒకరికి రెండు వారాలు దాటి దగ్గు వస్తుంటే టీబీ పరీక్ష చేయించాలని ముందుగా గమనించగలిగేది ఎవరు? పక్క మంచం మీది మనిషే.

మనసు విషయంలో ఇది ఇంకా నిజం. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి తప్ప శిక్షించకూడదు. కేసు అవుతుందన్న భయంతో విషయం దాచేవారికి ఈ ఒక్క సంగతి తెలిసినా ప్రాణం నిలబడే అవకాశం పెరుగుతుంది. నంబరూ చట్టమూ గోడ మీద పోస్టరుగా ఉండటం వేరు, రాత్రి నిద్రపట్టక కూర్చున్న స్నేహితుడికి పక్కవాడు ఫోన్ కలిపి ఇవ్వడం వేరు.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. కౌమార లైంగిక ఆరోగ్య కార్యక్రమాలపై 2015లో వెలువడిన ఒక ప్రసిద్ధ సమీక్ష, తోటి బోధన వల్ల ప్రధానంగా లాభపడేది ఆ బోధకులేననీ, విన్నవారి నడతలో మార్పు అంతంతమాత్రమేననీ తేల్చింది. అలాగని ఈ పద్ధతిని పక్కన పెట్టేయాలా? దాని పక్కనే మరో రెండు పరిశోధనలను పెట్టి చూడండి. వేల్స్‌లోనూ పశ్చిమ ఇంగ్లండ్‌లోనూ 59 బడుల్లో జరిగి, 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయిన పరిశోధనలో బోధకులను టీచర్లు ఎంపిక చేయలేదు. ఎవరి మాట వింటారో పిల్లలనే అడిగారు. అలా తేలినవారికి శిక్షణ ఇచ్చి, ఉపన్యాసాలు వద్దు, మామూలుగా కబుర్లలో చెప్పండి అన్నారు. రెండేళ్ల పరిశీలనలో అక్కడ పొగతాగే అలవాటు తక్కువగా కనిపించింది. బిహార్‌లో నలందా జిల్లా పాఠశాలల్లో జరిగి, 2018లో అదే పత్రికలో వచ్చిన సెహర్ అధ్యయనంలో ఒకే కార్యక్రమాన్ని కొన్నిచోట్ల టీచర్లు, కొన్నిచోట్ల ఆ పనికోసమే నియమించిన మామూలు మనుషులు నడిపారు. రెండోచోట కుంగుబాటు, వేధింపులు తగ్గాయి, టీచర్లు నడిపినచోట ఫలితం లేదు. అలా నియమితులైనవారు పిల్లల ఈడువారు కారన్నది నిజమే. అయినా పాఠం ఒక్కటే అయినప్పుడు, చెప్పే మనిషికీ వినే మనిషికీ మధ్య ఉన్న సంబంధమే ఫలితాన్ని మార్చిందని ఒప్పుకోక తప్పదు. కాబట్టి అధికారి తనకు నచ్చినవారిని పిలిచి, ఒకపూట సభ పెట్టి, బ్యాడ్జీ ఇచ్చి పంపే పద్ధతి విఫలమవుతుంది. హాస్టల్ వాసులే ఎంచుకున్నవారు, ఆస్పత్రితో ముడిపడి, నెలల తరబడి చేసే పని నిలబడుతుంది.

రెండో ఆక్షేపణ అరకొర జ్ఞానం గురించి. డాక్టరు చెప్పాల్సింది కుర్రాళ్లు చెబితే ప్రమాదం కాదా అంటారు. ప్రమాదమే, వారిని డాక్టర్లుగా నిలబెడితే. వారు మందు పేరు చెప్పకూడదు, రోగం పేరు పెట్టకూడదు. వినాలి, సరైన చోటికి పంపాలి, వీలైతే తోడు వెళ్లాలి. విన్న రహస్యాన్ని దాచాలి. దానికీ హద్దుంది. ప్రాణానికి ముప్పున్నప్పుడు పెద్దలకు చెప్పాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారిపై లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి. ఈ హద్దులు మొదటి రోజు శిక్షణలోనే చెప్పాలి, ఆ యువకుల బరువును పంచుకునే అనుభవజ్ఞులు వెనుక ఉండాలి.

మూడోది న్యాయమైన ప్రశ్న. ప్రభుత్వం జీతమిచ్చి చేయించాల్సిన పనిని పేదపిల్లల చేత ఊరికే చేయించుకోవడం కాదా ఇది? 1992లో డాక్టర్ స్మరజిత్ జానా కలకత్తా సోనాగాచిలో మొదలుపెట్టిన పనిని గుర్తుచేసుకోవాలి. అక్కడ సెక్స్ వర్కర్లే తోటివారికి ఆరోగ్యం బోధించారు, ఆ పనికి వారికి గౌరవవేతనం ఉండేది, దగ్గర్లోనే క్లినిక్ ఉండేది. హెచ్‌ఐవీ తీవ్రంగా ఉన్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ తర్వాతి నివారణ కార్యక్రమాలు తోటి బోధకుల మీదే ఆధారపడ్డాయి. ఇష్టపడి చేసే పని అంటే చేతి డబ్బు పెట్టి చేసే పని కాదు. బస్సు చార్జీ, ఫోన్ ఖర్చు, పోయిన కూలి వారికి అందాలి. అది ఇవ్వకపోతే కాస్త కలిగినవారే వాలంటీర్లవుతారు, ఎవరికోసం మొదలుపెట్టామో వారే బయట మిగులుతారు.

కనుక దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల యజమానులను, కోచింగ్ సంస్థలను, మలక్‌పేట, వనస్థలిపురం ఆస్పత్రుల అధికారులను నేను కోరేది ఇది. ఒక్క వీధితో మొదలుపెట్టండి. ప్రతి హాస్టల్లోనూ, పక్క బస్తీలోనూ ఎవరి మాట వింటారో అక్కడివారినే అడిగి ఇద్దరేసి చొప్పున ఎంచుకోండి. వారికి శిక్షణ, ఖర్చులు, ఫోన్ ఎత్తే ఒక డాక్టరును ఇవ్వండి. సాయంత్రం క్లాసు అయ్యాక, పని దిగాక, వారు వెంటబెట్టుకొచ్చిన మనిషిని చూసేందుకు వారానికి రెండు రోజులైనా ఓపీ తెరిచి ఉంచండి. యువతను ముందుకు రమ్మని పిలిచేముందు ఆ ఏర్పాటు చేయడం పెద్దల బాధ్యత.