మతిమరుపు కాదు, మనసు మీది బరువు
(నారాయణఖేడ్‌లో సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మూటాముల్లె సర్దుకొని వలస పోవడం మన నారాయణఖేడ్‌కు కొత్త కాదు. ఏటా ఎన్నో కుటుంబాలు చెరకు కొట్టడానికి పోతాయి. అయినా వాళ్లు తిరిగి రావడానికి ఇక్కడ ఒక ఇల్లుంటుంది. అది కూడా లేనివాళ్ల గురించి ఈ రోజు నాలుగు మాటలు చెప్పదలిచాం.

మయన్మార్ నుంచి ప్రాణాలు దక్కించుకొని వచ్చిన రోహింగ్యా కుటుంబాలు హైదరాబాద్‌లోని బాలాపూర్ వైపు గుడిసెల్లో ఉంటున్నాయి. చాలామందికి ఏ రోజు కూలి ఆ రోజుకే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై ఆ కూలి ఆగింది. నెల తిరగగానే రంజాన్. సహెరీకి ఏముంది, జబ్బు చేస్తే దిక్కెవరు అనే పరేషానే పొద్దస్తమానం.

ఈ పరేషాన్ బుద్ధిని ఏం చేస్తుంది? మనసు ఒక పలక లాంటిది. దిగులుతో నిండిన పలక మీద కొత్త లెక్క రాయడానికి చోటుండదు. భయం చాలాకాలం ఉంటే కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగి, జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం పని దెబ్బతినవచ్చు. నిద్ర లేకపోతే విన్నది నిలవదు.

తమిళనాడు చెరకు రైతులపై జరిగిన ఒక అధ్యయనం 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. కోతకు ముందు చేతిలో డబ్బు ఆడనప్పుడు, కోత తర్వాత డబ్బు అందాక, వారి ఆలోచనా శక్తిని పరీక్షించారు. అదే రైతులు డబ్బు అందాక మెరుగ్గా చేశారు. తగ్గింది తెలివి కాదు, దాన్ని వాడుకునే తీరిక.

ఇది మాకూ ఆలస్యంగానే అర్థమైంది. కరోనా తర్వాత బడికొచ్చి ఎక్కాలు మరిచిన ఒక పిల్లవాణ్ణి కోప్పడ్డాం. తండ్రి పని పోయిందని, అప్పులవాళ్లు రోజూ గడప తొక్కుతున్నారని తర్వాత తెలిసి సిగ్గుపడ్డాం. సొంత ఊళ్లో ఉన్న బిడ్డకే ఇలా ఉంటే, ఊరే లేని బిడ్డ సంగతేమిటి?

అందుకే దాతలకు మా మనవి రెండే. ఏడాదికోసారి పెద్ద మూట ఇవ్వడం కన్నా, ప్రతి నెలా ఒకే తేదీకి సామాను అందేలా జకాత్, సదఖా సొమ్మును ఏర్పాటు చేద్దాం. రేపటి తిండి ఖాయమని తెలిస్తే మనసు తేలికపడుతుంది. రెండోది, వాళ్లు చెప్పింది మరిచిపోతే విసుక్కోకుండా మళ్లీ చెబుదాం. మందుల వేళలు బొమ్మలు గీసి ఇద్దాం.

మక్కా విడిచి వచ్చిన ముహాజిర్లకు మదీనా అన్సార్లు ముందుగా తమ ఇళ్లలో చోటిచ్చారు. ఆ బాటలో నడిచే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.