నడివయస్సున టీ పానము: ఎన్నికయు, మితమును



ఉద్యోగరీత్యా ఢిల్లీ చేరిన తెలుగు కుటుంబములలో పెక్కు కాఫీ అలవాటుతో వచ్చినవి. కోస్తా జిల్లాలవారు ఫిల్టరును సామానుతోపాటు తెచ్చుకొనిరి. హైదరాబాదువారికి ఇరానీ చాయ్ ముందే పరిచితము. అయినను ఇక్కడి జనవరి చలియు, ఇరుగుపొరుగువారి ఆదరమును, అన్నిటిని మించి ఆఫీసు పద్ధతియు కలిసి అందరిని టీ త్రాగువారినిగా చేసినవి. ఉదయపు కాఫీ ఇంటిది, పదకొండు గంటల టీ ఆఫీసుది అని చెప్పినచో తప్పు కాదు.

నలువది యైదేండ్లు దాటిన ఒక ఉద్యోగి దినచర్యను గమనింతము. నిద్ర లేచిన వెంటనే ఒక కప్పు. ఆఫీసు చేరి ఫైళ్లు తెరచునప్పుడు రెండవది. పదకొండు గంటలకు టీ క్లబ్బువారి మూడవది. మధ్యాహ్న భోజనము ముగియగనే నాలుగవది. నాలుగు గంటల సమావేశమున బిస్కట్లతో అయిదవది. ఇల్లు చేరి కబుర్లు చెప్పుచు ఆరవది. వీనిలో కోరి త్రాగినవి ఎన్ని, ఎదుట పెట్టినారు గనుక త్రాగినవి ఎన్ని అని విడదీసి చూచినచో, రెండవ తరగతివే ఎక్కువగా తేలును. వైద్యుడు ఆహారమును గురించి అడిగినప్పుడు అన్నము, చపాతి, పప్పు, కూర జ్ఞాపకమునకు వచ్చునుగాని టీ రాదు. ఇరువది యైదవ యేట ఈ లెక్క లేకున్నను శరీరము సర్దుకొనును. ఏబదవ యేట అది అంత సులభముగ సర్దుకొనదు. రక్తపరీక్ష కాగితమున లెక్క చూపును.

ఈ ప్రసంగోద్దేశము టీని మానిపించుట కాదు. దోషము సాధారణముగ ఆకులో లేదు. త్రాగు వేళలో, కప్పుల సంఖ్యలో, టీతో కూడ వచ్చు చక్కెర, బిస్కట్లలో ఉన్నది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సు 1962లో 55 నుండి 58 సంవత్సరములకును, 1998లో 60 సంవత్సరములకును పెరిగినది. అనగా నడివయస్సు అంతయు ఆఫీసు టీతోనే గడచుచున్నది. ఆ కప్పు ఎప్పుడు, ఎట్లు త్రాగవలెనో నిర్ణయించు అధికారమును ఆఫీసు గడియారము నుండి త్రాగువాడు తిరిగి తీసికొనవలెను.

ఇది అసాధ్యము కాదు. ఏలయన ఈ అలవాటు మన జనసామాన్యమునకు అంత ప్రాచీనమైనది కాదు. అస్సాం అడవులలో తేయాకు మొక్క ఉన్నదని రాబర్ట్ బ్రూస్ 1823లో గుర్తించెను. 1839లో అస్సాం కంపెనీ ఏర్పడెను. తరువాత బహుకాలము ఈ దేశపు టీ అధికభాగము విదేశములకే పోయెడిది. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున వ్యాపారుల ప్రచారము వలన ఇది పట్టణములకును, రైల్వే స్టేషన్లకును, క్రమముగ పల్లెలకును వ్యాపించినది. టీగాని కాఫీగాని శరీరమునకు అవసరము కాదని గాంధీజీ 1942లో ఆగాఖాన్ భవనమున నిర్బంధములో ఉండి వ్రాసిన ఆరోగ్య గ్రంథమున అభిప్రాయపడెను. నేర్చుకొన్న అలవాటును మానుట కష్టము కావచ్చునుగాని దిద్దుకొనుట కష్టము కాదు.

ఈ దిద్దుబాటుకు ఆధారము తెలుగు గడ్డపైననే కలదు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరి టీ తోటల నడుమ కూనూరులో ఒక చిన్న పరిశోధన కేంద్రమును ఆరంభించెను. అది 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందెను. ఈ సంస్థ 2024లో భారత వైద్య పరిశోధన మండలితో కలిసి వెలువరించిన ఆహార సూత్రములలో టీని గురించి రెండు మాటలు స్పష్టముగ ఉన్నవి. మొదటిది, భోజనమునకు గంట ముందును, గంట తరువాతను టీ, కాఫీలు త్రాగరాదు. రెండవది, దినమునకు కెఫీను 300 మిల్లీగ్రాములకు మించరాదు. 150 మిల్లీలీటర్ల కప్పు టీలో 30 మొదలు 65 మిల్లీగ్రాముల వరకు కెఫీను ఉండును. అట్టి ఆరు కప్పులు గాఢమైనవైనచో ఆ హద్దు దాటినట్లే. ఉదయపు ఫిల్టరు కాఫీని దీనికి అదనముగ లెక్కింపవలెను.

భోజనమునకు దూరముగ త్రాగుమనుటకు కారణము ఇనుము. టీలోని టానిన్లు ఆహారమందలి ఇనుముతో బంధము కల్పించుకొని, దానిని శరీరము గ్రహింపకుండ అడ్డుపడును. ఆకుకూరలు, పప్పులు, ధాన్యముల నుండి వచ్చు ఇనుమునకు ఈ నష్టము అధికము. ఈ సందర్భమున ఇంటి ఇల్లాండ్రను ప్రత్యేకముగ తలపవలసియున్నది. పిల్లలను బడికి, భర్తను ఆఫీసుకు పంపువరకు ఖాళీ కడుపున రెండు కప్పుల టీతోనే నెట్టుకొనివచ్చి, తరువాత తిన్న రెండు ఇడ్లీలపై మరల టీ త్రాగు గృహిణులు ప్రతి కాలనీలోను కలరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో ఉన్నారు. దీనికి టీయే కారణమనుట అతిశయోక్తి. కాని తోటకూర వండి తిని, వెంటనే టీ త్రాగి, దాని ఫలమును సగము పోగొట్టుకొనుట వివేకము కాదు. ఏబది దాటిన పిదప రక్తహీనత కనిపించినచో, టీపై నెపము వేసి ఊరుకొనక వైద్యునిచే కారణము తెలిసికొనవలెను.

ఇక చక్కెర. కప్పునకు రెండు చెంచాల చొప్పున అయిదు కప్పులకు పది చెంచాలు. చెంచా నాలుగు గ్రాములనుకొన్నను దినమునకు 40 గ్రాములు, సంవత్సరమునకు 14 కిలోలకు పైగా అగును. ఆహార శక్తిలో ఇట్టి చక్కెర నూటికి పది పాళ్లలోపు ఉండవలెననియు, అయిదు పాళ్లలోపు, అనగా సుమారు 25 గ్రాములకు తగ్గించిన మరింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించెను. మిఠాయి ముట్టనని చెప్పుకొను మధుమేహ రోగి టీతోనే ఆ హద్దు దాటుచుండవచ్చును. బెల్లమైనను, తేనెయైనను ఈ లెక్క నుండి మినహాయింపు లేదు. ఆఫీసులలో మీట నొక్కగా యంత్రము నుండి వచ్చు టీలో తరచుగా చక్కెర ముందే కలిసియుండును. ఒక్కసారిగా మానిన నాలుక ఒప్పుకొనదు. పక్షమునకు అర చెంచా చొప్పున తగ్గించినచో రెండు మాసములలో చక్కెర లేని టీ రుచించుట మొదలిడును.

మూడవది నిద్ర. త్రాగిన కెఫీనులో సగము శరీరము నుండి తొలగుటకు సుమారు అయిదు గంటలు పట్టును; కొందరికి ఇంకను ఎక్కువ. సాయంకాలము ఏడు గంటలకు త్రాగిన టీ ప్రభావము అర్ధరాత్రి సైతము కొంత మిగిలియుండును. వయస్సుతోపాటు నిద్ర పలుచబడును. రాత్రి రెండుమూడు సార్లు మూత్రమునకు లేచువారికి సాయంకాలపు టీ ఆ ఇబ్బందిని పెంచును. నిద్రమాత్ర అడుగుటకు ముందు రెండు వారములు నాలుగు గంటల తరువాత టీ మాని చూచుట సులభమైన పరీక్ష. రక్తపోటు, గుండెదడ, కడుపులో పుండు, ఛాతీలో మంట, మూత్రపిండములలో రాళ్లు గలవారు ఎన్ని కప్పులు తగునో వైద్యుని అడుగవలెను. 1954లో ఢిల్లీలో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకపు డిస్పెన్సరీకి మందులకై పోవునప్పుడు ఈ ప్రశ్న కూడ వేయవచ్చును.

మందుల విషయమున ఒక జాగ్రత్త అత్యవసరము. థైరాయిడ్ మాత్రను ఖాళీ కడుపున మంచినీటితో వేసికొని, అరగంట మొదలు గంట వరకు టీ, కాఫీలు ముట్టరాదు. ఇనుము మాత్రను టీతో వేసికొనుట వ్యర్థము. ఉదయపు టీతోనే మాత్రలన్నియు మ్రింగు అలవాటు పెద్దలలో కలదు, అది మానవలెను.

పొగలు గ్రక్కుచుండగనే త్రాగుట చలికాలమున ముచ్చటగ ఉండును. కాని 65 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడి పానీయములు అన్నవాహిక కాన్సరుకు కారణము కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2016లో ప్రకటించెను. ఆ దోషము టీది కాదు, వేడిది. కప్పును క్రింద పెట్టి నాలుగైదు నిమిషములు ఆగుట ఖర్చులేని వైద్యము.

ఇంతవరకు చెప్పినవి జాగ్రత్తలు. మేలు చెప్పకుండుట న్యాయము కాదు. బ్రిటనులో 40 మొదలు 69 ఏండ్ల వయస్సుగల దాదాపు అయిదు లక్షల మందిని పరిశీలించి 2022లో ప్రకటించిన అధ్యయనమున, దినమునకు రెండు కప్పులకు తక్కువ గాకుండ టీ త్రాగువారిలో మరణములు, త్రాగనివారికంటె నూటికి 9 మొదలు 13 వంతులు తక్కువగ కనిపించినవి. అచ్చట త్రాగునది ఎక్కువగ నల్ల టీయే. ఇది పోలికయేగాని టీయే ఆయుర్దాయము పెంచినదను నిరూపణ కాదు. అయినను మితముగ త్రాగువారు భయపడ నవసరము లేదని దీనివలన ధైర్యము కలుగును. గ్రీన్ టీయును అదే మొక్క ఆకు. అదియొక దివ్యౌషధము కాదు. దాని సారముతో చేసిన మాత్రలు మాత్రము వైద్యుని అడుగక వాడరాదు. ఆ సారము అధిక మోతాదులో కాలేయమునకు హాని చేయవచ్చునని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించెను.

ఇక ఆకు ఎన్నిక. బజారులో విరివిగా దొరకు గుండ్రని గింజల వంటి టీ, యంత్రములో నలిపి, చీల్చి, చుట్టినది. దాని డికాషన్ త్వరగా, చిక్కగా దిగును. పాలు, చక్కెర లేనిదే పలువురికి రుచింపదు. పొడి మరింత త్వరగా దిగును. పాత పద్ధతిని చుట్టిన పెద్ద ఆకు తేలికగా దిగును. పాలు లేకుండ, చక్కెర లేకుండ త్రాగుటకు అనుకూలము. ఆకును మార్చిన చక్కెరను తగ్గించుట సులభమగును. అస్సాం ఆకు పాలకు తగినంత బలముగలది. నీలగిరి ఆకు సువాసనతో నడిమి పాకముగ ఉండును. డార్జిలింగు పాలు కోరదు. 2004లో మన దేశమున భౌగోళిక గుర్తింపు మొదట పొందినది అదియే. ధర ఎక్కువైనను దినమునకు ఆరు కప్పుల పొడి టీకి మారుగా మూడు కప్పుల మంచి టీ త్రాగినచో నెల ఖర్చు అంతగా పెరగదు.

విడిగా కొన్న టీని పరీక్షించుట తేలిక. తెల్లని వడపోత కాగితముపై కొంచెము చల్లి నీరు చిలుకరించినచో, రంగు కలిపిన టీ వెంటనే రంగు మరకలు విడుచును. అయస్కాంతమును త్రిప్పినచో ఇనుప రజను అంటుకొనును. కొన్న టీని గాలి చొరని డబ్బాలో, ఇంగువకును మసాలాలకును దూరముగ ఉంచవలెను. ఢిల్లీ చుట్టుపట్ల కొన్ని చోట్ల బోరునీరు కఠినము. టీపై తెట్టె కట్టుటకు అదియే కారణము. శుద్ధిచేసిన నీటితో రుచి నిలుచును. మరగిన నీటిలో కప్పునకు ఒక చెంచా ఆకు వేసి, మూత పెట్టి, మూడు నాలుగు నిమిషములలో వడకట్టవలెను. ఒకే ఆకును మాటిమాటికి మరిగించినచో వగరు పెరుగును. అందరును త్రాగగా మిగిలినదానిని మరల కాచి ఇల్లాలు త్రాగుట పొదుపు కాదు.

సారాంశమున, నడివయస్సు దాటినవారికి దినమునకు రెండు మూడు కప్పులు చాలును. ఉదయము ఏదైన తిని గంట గడచిన పిమ్మట ఒకటి, పదకొండు గంటలకు ఒకటి, కావలసినచో నాలుగు గంటలకు మరియొకటి. తక్కిన వేళల మజ్జిగగాని, తులసి, అల్లము కాచిన నీరుగాని ఆ లోటు తీర్చును.

పదవీ విరమణ చేసినవారికి ఒక మాట. ఆఫీసు పోయినను పదకొండు గంటలు కొట్టుట మానదు. ఆ వేళకు ఒంటరితనము తోచును. టీ అప్పుడు పానీయము మాత్రమే కాదు, పలుకరింపు. పార్కులోని మిత్రులతో, ఎదురింటి పంజాబీ పెద్దమనిషితో కలిసి త్రాగు ఆ కప్పును ఎవరును వదలుకొన నక్కరలేదు. తగ్గింపవలసినది చక్కెరను, చెలిమిని కాదు. అతిథి వచ్చినప్పుడు గృహిణి “చక్కెర ఎంత వేయమందురు?” అని ముందుగ అడుగుటయు, వలదన్నవానిని బలవంతపెట్టకుండుటయు మర్యాదలో భాగమైనచో, ప్రతి ఇంటను ఈ దిద్దుబాటు సుసాధ్యము. అట్టి మితమును, దానివలన కలుగు ఆరోగ్యమును ఇచ్చటి తెలుగు కుటుంబములకెల్ల సమకూరుగాక!