తరగతిలో కూర్చుండు చోటు - ఆంగ్లభాషాభ్యాసము

(కలువాయి గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను ఊరి లెక్కలు వ్రాయువాడను, పండితుడను గాను. నాకు వచ్చిన నాలుగు పద్యములును గ్రంథాలయములు పెట్టిన భిక్షయే. ఆంగ్లము మాత్రము రాలేదు. ఎందుకు రాలేదో చాలకాలము ఆలోచించితిని.

చదువుకొను నాళ్ళలో పొడగరి నగుటచే నాకు చివరి బల్ల స్థిరపడెను. ఉపాధ్యాయుని ప్రశ్నలు మొదటి రెండు వరుసలు దాటి వచ్చెడివి కావు. మూడేండ్లలో నేను ఆంగ్లమున పలికిన వాక్యము ఒక్కటే: హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ సార్'.

ఇది నా ఒక్కని కథ కాదు. తరగతిలో ఎక్కువగా మాటలాడువారు ముందు వరుసలయందును, నడిమి భాగమునందును కూర్చున్నవారే యని 1970లో ఆడమ్స్, బిడిల్ అను పరిశోధకులు చూపిరి. జర్మనీలో నాల్గవ తరగతి పిల్లలు, వరుసలలో కంటె అర్ధచంద్రాకారమున కూర్చున్నప్పుడు ఎక్కువ ప్రశ్నలు అడిగిరని 1999లో వెలువడిన పరిశీలన తెలుపుచున్నది. ఎవరి పని వారు వ్రాసుకొనునప్పుడు వరుసలే మేలనుటయు కలదు. కాని భాష వ్రాతతోనే ముగియునది కాదు గదా!

ఏకలవ్యుడు గురువునకు దూరముననే యుండి నేర్వలేదా యని మీరడుగవచ్చును. నేర్చెను. కాని మట్టిబొమ్మ ముందైనను అతడు నిత్యము విల్లు పట్టెను. వెనుక బల్ల బాలునకు నోరు విప్పు అభ్యాసమే లేదు. పట్టని విల్లు వంగదు, పలుకని భాష రాదు.

కలిసి కూర్చుండి నేర్చుట మనకు క్రొత్త గాదు. వీధిబడి అరుగులపై పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పెడివారు. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ ఈ పద్ధతిని మెచ్చుకొనుచు వ్రాసెను. అంతకు ముందే, 1789 నుండి మద్రాసులో బాలుర అనాథాశ్రమ పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్, ఇసుకలో వ్రాయు మన బడిపిల్లలను చూచి దానిని తన పాఠశాలలో ప్రవేశపెట్టెను. పిల్లలచేతనే పిల్లలకు చెప్పించిన ఆ అనుభవమును 1797లో లండనులో ప్రకటించెను. దానికి ఆ దేశమున 'మద్రాసు పద్ధతి' యని పేరు వచ్చెను. మన అరుగు చదువు సముద్రము దాటి పోయెను; మనకు బల్లల వరుసలు మిగిలెను.

బడిలో బల్లలు కదల్చుట బడివారి పని. గ్రంథాలయములోని చాప మనది. వారమునకొక సాయంకాలము పదిమంది పిల్లలను దానిపై గుండ్రముగా కూర్చుండబెట్టుదము. చదువుకున్న యువకు డొకడు వారితో కూర్చుండిన చాలును. ప్రతివారును ఒక్కొక్క వాక్యము ఆంగ్లమున పలుకవలెను. వారమువారము చోట్లు మారవలెను. తప్పు పలికినవారిని చూచి ఎవరును నవ్వరాదు.

మొదటి సాయంకాలము ఆ పిల్లల ప్రక్కన నేనును కూర్చుందును. ఏబది నాలుగేండ్ల వయసున నా రెండవ వాక్యము నేర్చుకొనవలెనని కోరిక.