జంట ఇంజన్ల పడవకు నూనె పగ్గములు

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు మెట్టసీమలు. ఇచట మరపడవల ప్రసంగమేల అని మీరు నవ్వవచ్చును. కాని ఆత్మకూరునకు పడమటి దిక్కున పెన్నానదిపై సోమశిల జలాశయము వెలసిన పిదప ఈ సీమకు నీటి విస్తారము క్రొత్త కాదు. నిండినచో అందు 78 శతకోటి ఘనపుటడుగుల నీరు నిలుచును. అంతటి నీటిపై ఈదురుగాలి లేచినపుడు, పడవలోని వారి ప్రాణములు నడుపువాని చేతిలో నుండును. కావున రెండు ఇంజన్ల పడవకు హైడ్రాలిక్ పవర్ స్టీరింగు అమర్చు విధమును నేడు ముచ్చటింతము.

మూసియున్న ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ ఒత్తిడి అన్ని దిక్కులకు సమముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రెంచి పండితుడు పాస్కల్ తెలిపెను. నేడు దుక్కిలో ట్రాక్టరును చులకనగా మలపు రైతునకు తోడ్పడునది ఆ సూత్రమే.

పడవలో స్టీరింగు చక్రము వెనుక చిన్న పంపు ఉండును. చక్రమును త్రిప్పగా నూనె ఒక గొట్టమువెంట పోయి, వెనుకనున్న సిలిండరులోని పిస్టనును త్రోయును. ఆవలి వైపు నూనె రెండవ గొట్టమున మరలివచ్చును. ఈ గొట్టములే పగ్గములు. బ్యాటరీతో నడచు మరియొక పంపు ఆ త్రోపునకు బలము చేకూర్చును. ఎద్దులకు కాడివలె రెండు ఇంజన్లను ఒక కడ్డీ జతపరచును. ఒక ఎద్దు ఇటును, ఒకటి అటును లాగినచో చాలు తప్పును గదా! కావున ఆ కడ్డీ నిడివిని సరిచూచి బిగింపవలెను.

గొట్టములు మెలిపడరాదు, పదునైన అంచులకు ఒరయరాదు. ఇంజన్లను ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పియు, పైకెత్తియు, ఏదియు తగులకుండుట చూచుకొనవలెను. కరెంటు తీగ తగినంత లావుండవలెను. బ్యాటరీ చెంతనే ఫ్యూజు ఉండవలెను.

అన్నింటికన్న ఓర్పు కోరునది గాలిని వెడలించుట. డీజిలు ఇంజనుతో బావినీరు తోడినవారికి ‘ఎయిరు తీయుట’ తెలిసినదే. నూనె నొక్కినను అణగదు, గాలి అణగును. గొట్టములో గాలి నిలిచినచో చేతిబలము దానిని అణచుటకే సరిపోవును. సిలిండరు కొసనున్న మరను వదులుచేసి, చక్రమును మెల్లగా త్రిప్పుచు, బుడగలు ఆగువరకు నూనెను పారనీయవలెను. రెండవ వైపునను అటులే. అంతసేపును పైతొట్టిలో నూనె తరుగకుండ మరియొకరు పోయుచుండవలెను.

ఒకమారు మేమెక్కిన పడవలో ఈ పని తొందరలో ముగించిరి. ఒడ్డున చక్రము సులువుగా తిరిగినది, అందరును సంతసించితిమి. నడినీట బండ ఎదురైనపుడు నడుపువాడు రెండు చుట్లు త్రిప్పినను పడవ మలగలేదు. అతడు ఇంజన్లను ఆపుటవలన బ్రతికితిమి. సులువుగా తిరుగుట వేరు, మాట వినుట వేరు అని ఆనాడు తెలిసినది.

కావున తొలి పరీక్షను ఒడ్డు చెంతనే, మెల్లని వేగమున చేయవలెను. కరెంటును ఆపియు నడిపి చూడవలెను. అమరిక సరియైనదైనచో చక్రము బరువెక్కును గాని పడవ మలగక మానదు. ఆ బరువు ఎంతయో నడుపువాని చేతికి ముందే తెలిసియుండవలెను. అంతవరకు ఆ పడవలో పిల్లలను ఎక్కింపకుందుము గాక.