మాటను నిలుపుకొన్న జాతి: చెక్ దేశ చరిత్ర

(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఏదైన ఒక దేశచరిత్రను గూర్చి మాట్లాడుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. మహాసామ్రాజ్యముల చరిత్రలు మనమందరము బడిలో చదివినవే. కావున నేనొక చిన్న దేశమును ఎన్నుకొంటిని. మధ్య ఐరోపాలోని చెక్ దేశమునకు సముద్రతీరము లేదు. దాని జనసంఖ్య కోటికి కొంచెము మించును. పడమట బొహీమియా, తూర్పున మొరావియా దాని ముఖ్యభాగములు. హైదరాబాదు దగ్గరి రామచంద్రాపురమున 1960 దశకములో వెలసిన భారీ విద్యుత్ పరికరముల కర్మాగారమునకు సాంకేతిక సహాయము చేసినది నాటి చెకోస్లొవేకియాయే. కావున ఆ దేశము మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఆ నేలపై మనుష్యుల ఉనికి మిక్కిలి ప్రాచీనము. మొరావియాలోని దోల్నీ వ్యెస్తోనిత్సె గ్రామము చెంత 1925లో ఒక చిన్న స్త్రీమూర్తి త్రవ్వకములలో బయటపడెను. దాని ఎత్తు సుమారు 11 సెంటీమీటర్లు. వయస్సు 25 వేల సంవత్సరములకు పైమాట. అది మట్టితో చేసి నిప్పులో కాల్చిన బొమ్మ. వంటకుండ పుట్టుటకు ఎన్నో వేల యేండ్లకు ముందే అచ్చటి వేటగాండ్రు మట్టిని కాల్చి బొమ్మలు చేసిరన్నమాట. క్రీస్తుకు పూర్వము అచ్చట నివసించిన బోయీలనెడి కెల్టు తెగనుండియే బొహీమియా అను పేరు వచ్చినది. వారి తరువాత జర్మానిక్ తెగలును, 6వ శతాబ్దమున స్లావులును వచ్చిరి. నేటి చెక్కుల భాష ఆ స్లావులనుండి సంక్రమించినదే.

9వ శతాబ్దమున మొరావియాను రస్తిస్లావు అను రాజు పాలించుచుండెను. తన ప్రజలకు వారి మాటలోనే మతబోధ చేయగలవారిని పంపుమని ఆయన బైజాంటైన్ చక్రవర్తిని అర్థించెను. స్లావుల మాటకు లిపి కల్పించిన సిరిల్, మెథోడియస్ అను సోదరులు 863లో వచ్చి, పవిత్రగ్రంథములను అనువదించిరి. లాటిను తప్ప వేరు భాష దేవునికి తగదని వాదించిన మతాధికారులు 885లో మెథోడియస్ గతించిన పిమ్మట ఆయన శిష్యులను వెళ్ళగొట్టించిరి. ప్రజల మాటకు పీట వేయవలెనా, వలదా అను తగవు ఆ దేశమున నాడే మొదలైనది.

తరువాత ప్రాగ్ నగరము కేంద్రముగా ప్షెమిస్ల్ వంశము 1306 వరకు ఏలెను. పిదప లక్సెంబర్గు వంశజుడగు నాలుగవ చార్లెస్ ప్రాగ్‌ను ఐరోపాలోని గొప్ప నగరములలో ఒకటిగా చేసెను. 1348లో విశ్వవిద్యాలయమును స్థాపించెను. 1357లో వల్తావా నదిపై రాతివంతెనకు పునాది వేయించెను. నేటికిని రెండును ఆయన పేరుతోనే ఉన్నవి.

ఆ విశ్వవిద్యాలయపు పండితుడే యాన్ హుస్. ఆయన ప్రాగ్‌లోని బెత్లెహేము ప్రార్థనాలయమున లాటినులో గాక చెక్ భాషలో ఉపన్యసించుచు, మతాధికారుల ధనలోభమును ఖండించెను. అభయపత్రమిచ్చి కాన్‌స్టాన్స్ నగరమునకు పిలిపించి, 1415 జూలై 6న ఆయనను సజీవదహనము గావించిరి. ఆ మంట దేశమంతటిని రగిల్చెను. యాన్ జిష్కా అను సేనాని నాయకత్వమున రైతులు బండ్లనే కోటలుగా కట్టి, దండెత్తి వచ్చిన సైన్యములను త్రిప్పికొట్టిరి.

1526లో సింహాసనము హాబ్స్‌బర్గు వంశమునకు చిక్కెను. 1618లో చెక్ ప్రభువులు తిరుగబడి, చక్రవర్తి ప్రతినిధులను ప్రాగ్ కోట కిటికీలోనుండి క్రిందికి త్రోసిరి. 1620 నవంబరు 8న నగరము వెలుపలనున్న తెల్లకొండపై జరిగిన యుద్ధము రెండు గంటలకు మించలేదు. దాని ఫలితము మూడు వందల యేండ్లు నిలిచెను. మరుసటి సంవత్సరము 27 మంది నాయకులకు నడివీథిలో మరణదండన విధించిరి. 1627 నాటి శాసనము కాథలికు మతమును తప్ప వేరొకదానిని అంగీకరింపక, జర్మను భాషకు చెక్‌తో సమానస్థానమిచ్చెను. వేలాది కుటుంబములు దేశము విడిచెను. బొమ్మలతో పాఠములు చెప్పు పుస్తకమును 1658లో వెలువరించి లోకమునకే గురువైన కొమీనియస్ పరదేశమునందే కన్నుమూసెను.

కాగితముపై సమానమే గాని, కాలక్రమమున దర్బారు, కచేరి, కళాశాల అన్నియు జర్మను భాషవైనవి. 1780 దశకమున రెండవ జోసెఫు చక్రవర్తి పరిపాలనను జర్మనులోనే సాగింపజేసెను. చెక్ పల్లెలలోను, వంటయిండ్లలోను మాత్రము మిగిలెను. చెక్ వ్యాకరణమును వ్రాసిన మహాపండితుడు దొబ్రోవ్‌స్కీ సైతము దానిని జర్మనులోనే వ్రాయవలసి వచ్చెను.

అయితే ఆ చక్రవర్తియే 1781లో అర్ధబానిసత్వమును రద్దు చేసెను. రైతుబిడ్డలు పొలము విడిచి పట్టణములకు వచ్చిరి. తమ మాటను వెంట తెచ్చుకొనిరి. వారికి చదువుకొనుటకు పుస్తకములు కావలసివచ్చెను. బడిపంతులైన యుంగ్మన్ 1834 మొదలు 1839 వరకు ఐదు సంపుటముల నిఘంటువును వెలువరించెను. పలాట్‌స్కీ జాతిచరిత్రను వ్రాసెను. మొదట జర్మనులో వ్రాసిన దానిని 1848 నుండి చెక్‌లో ప్రకటింపసాగెను.

పిమ్మట తమ భాషలో నాటకములాడుటకు ఒక రంగశాల కావలెనని ప్రజలు చందాలు ప్రోగుచేసిరి. 1868లో పునాది పడెను. 1881 జూన్‌లో తెరలేచెను. రెండు నెలలకే భవనము అగ్నికి ఆహుతియయ్యెను. జనులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మరల చందాలు కురిసెను. 1883 నవంబరులో రంగశాల తిరిగి తెరవబడెను. జాతి తనకు తానిచ్చుకొన్న కానుక అను అర్థము వచ్చు మాటలను నేటికిని ఆ వేదికపై చూడవచ్చును.

1918 అక్టోబరు 28న మసారిక్ మహాశయుని కృషి ఫలించి స్వతంత్ర చెకోస్లొవేకియా అవతరించెను. ఇరువది యేండ్లకే, 1938లో, మ్యూనిక్ నగరమున నాలుగు పెద్దరాజ్యములు ఆ దేశపు అంచులను కోసి హిట్లరునకిచ్చినవి. ఆ చర్చలో చెక్కులకు పీటయే లేదు. 1942లో లిదిత్సె గ్రామమును నాజీలు నేలమట్టము చేసిరి. ఇక్కడ ఒక చేదు నిజమును గూడ చెప్పవలెను. యుద్ధానంతరము, తరతరములుగా ఆ నేలపైనున్న సుమారు 30 లక్షల జర్మను భాషీయులు వెళ్ళగొట్టబడిరి. వారిలో నిరపరాధులెందరో! మాటకొరకు బాధపడిన జాతియే మాటను బట్టి పొరుగువారిని వెలివేసెను.

1948లో కమ్యూనిస్టులు అధికారము చేపట్టిరి. 1968లో సంస్కరణలకు పూనుకొనగా ఆగస్టు 21న సోవియట్ కూటమి సైన్యములు ప్రవేశించినవి. 1989 నవంబరులో విద్యార్థులు వీథులకెక్కగా, నటులు ప్రదర్శనలు మాని రంగశాలలను ప్రజల చర్చావేదికలుగా మార్చిరి. రక్తపాతము లేకుండ ప్రభుత్వము మారెను. నాటకకర్తయగు వాత్స్లావ్ హావెల్ అధ్యక్షుడయ్యెను. 1993 జనవరి 1న చెక్కులును, స్లొవాకులును తగవులేక వేరుపడిరి. 2004లో రెండు దేశములును ఐరోపా సమాఖ్యలో చేరినవి.

సోదరులారా, మనలో చాలమంది కచేరిలో ఒక భాష, వీథిలో మరొక భాష మాటాడుచు, బదిలీలతో ఊరూరు తిరుగువారము. ఈ చరిత్ర మనకు చెప్పునదేమి? కచేరిలో చోటు దొరకనంతమాత్రమున భాష చావదు. ఇంటిలో చోటు తప్పినచో దానికి దిక్కులేదు. తల్లి పలుకులును, పంతులు నిఘంటువును, సామాన్యుని చందాయును కలిసి ఒక జాతిని నిలిపినవి. కాని మన మాటపై ప్రేమ పొరుగువాని మాటపై పగ కారాదు. మన పిల్లలకు తెలుగు అక్షరములు దిద్దించునపుడు ఈ రెండవ పాఠమును గూడ దిద్దింతుము గాక.