చేతులు మారిన వాచీ

(స్వర్ణోత్సవ సభలో 1976 పదో తరగతి బ్యాచి పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక ఏం చేస్తున్నావో ఇరవై నిమిషాలు చెప్పమని కార్యవర్గం వారు అడిగారు. నాకంటే ముందు మాట్లాడిన మిత్రుల్లో ఒకరు సేంద్రియ వ్యవసాయం గురించి చెప్పారు, ఇంకొకరు గుండె ఆరోగ్యం గురించి చెప్పారు. నేను చెప్పబోయేది వాచీల గురించి. అదీ షోరూములో దొరికే కొత్త వాచీలు కాదు, వేరెవరో పెట్టుకున్న పాత వాచీలు. నవ్వకండి. ఈ హాల్లో కనీసం యాభై మంది బీరువాల్లో నాన్నగారిదో, మామగారిదో అలాంటి వాచీ ఒకటి ఆగిపోయి పడి ఉంటుందని నా అనుమానం. దాని గతి ఏమవుతుందన్నదే నా బెంగ.

నాకు నచ్చేది కీ ఇచ్చే డ్రెస్ వాచీ. అంటే పెళ్లికో సభకో చక్కగా తయారైనప్పుడు పెట్టుకునేది. పలచగా ఉంటుంది, చొక్కా కఫ్ కిందికి సులువుగా దూరిపోతుంది. తోలు బెల్టు, రెండు ముళ్లు, గంటల గీతలు, అంతే. తారీఖు కూడా చాలావాటికి ఉండదు. కొన్నిటికి సెకండ్ల ముల్లు కూడా ఉండదు. సెకండ్ హ్యాండ్ లేని సెకండ్ హ్యాండ్ వాచీ అన్నమాట! స్విట్జర్లాండులో పటేక్ ఫిలిప్ కంపెనీ 1932లో తెచ్చిన కలట్రావా ఈ తరహాకు ఒరవడి. దాని వెడల్పు సుమారు 31 మిల్లీమీటర్లే. ఇప్పటి కుర్రాళ్ల వాచీల పక్కన పెడితే చిన్నపిల్లల వాచీలా కనిపిస్తుంది. పలచన చేయడంలో పోటీ ఎంతవరకు వెళ్లిందంటే, 1957లో పియాజే కంపెనీ 9పి అనే యంత్రాన్ని మొత్తం 2 మిల్లీమీటర్ల మందంలో ఇమిడ్చింది.

మనకూ ఒకటుంది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీలు మొదలయ్యాయి. జనతా, పైలట్, కాంచన్ పేర్లు చెబితే మన వయసు వాళ్ల మొహాలు వెలుగుతాయి. వాటిలో సన్నగా, బంగారు రంగులో ఉండే సోనా అచ్చమైన డ్రెస్ వాచీ. ఎంతమంది అల్లుళ్ల చేతికి ఎక్కిందో లెక్కలేదు. 2016లో హెచ్‌ఎంటీ వాచెస్ కంపెనీని మూసేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. 

ఇంతకీ లోపల ఏం జరుగుతుంది? ఫిజిక్సు మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు, తప్పుంటే దిద్దాలి. కీ తిప్పితే చిన్న డబ్బాలో స్ప్రింగు బిగుస్తుంది. అది విప్పుకోవాలని చూస్తుంది. వదిలేస్తే క్షణంలో విప్పుకుని ఊరుకుంటుంది. అలా కాకుండా, చక్రంలో ఒక్కో పన్నునే ఆపుతూ వదులుతూ ఉండే ఏర్పాటు ఒకటుంది, దాన్ని ఎస్కేప్‌మెంట్ అంటారు. ఎప్పుడు వదలాలో చెప్పేది బ్యాలెన్స్ చక్రం. వెంట్రుకంత సన్నని స్ప్రింగు ఆధారంగా అది ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతుంది. మనకు వినిపించే టిక్ టిక్ అదే. డయల్ మీద 17 జ్యూయల్స్ అని రాసి ఉంటుంది చూడండి, అవి కృత్రిమంగా చేసిన కెంపులు. వాటిని విప్పి అమ్ముకుంటే ఏమీ రాదు. ఇరుసులు ఒరుసుకుపోకుండా ఉండటానికే వాటిని పెట్టారు.

నా చేతికున్నది ఒమేగా జెనీవ్, 1960ల మధ్య నాటిది. స్టీలు కేసు, లోపల కాలిబర్ 601 యంత్రం. గంటకు 19,800 టిక్కులు. రోజుకు 4,75,200. రోజుకు 12 సెకండ్లు ముందుకు పోతుంది. బ్యాటరీతో నడిచే చవక వాచీ ఇంతకంటే మెరుగే, ఒప్పుకుంటాను. 1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో కంపెనీ క్వార్ట్‌జ్ వాచీ అమ్మకానికి పెట్టిన రోజునే ఆ పోటీ తేలిపోయింది. కానీ నేను ముప్పై ఆరేళ్లు బ్యాంకులో పనిచేసినవాణ్ని, లెక్క అలవాటు. రోజుకు 86,400 సెకండ్లు. అందులో 12 తేడా అంటే 7,200 రూపాయలకు ఒక్క రూపాయి తేడా. అరవై ఏళ్ల నాటి స్ప్రింగూ నాలుగు చక్రాలూ ఇంత సరిగ్గా లెక్క అప్పగిస్తే ఏ మేనేజరైనా చేతులెత్తి దండం పెడతాడు.

ఇక అసలు విషయం. మీలో ఎవరికైనా రిటైర్మెంటు డబ్బులోంచి ఇలాంటిది ఒకటి కొనాలనిపిస్తే ఏం చూడాలి? నేను కొనేముందు ఏడాది పాటు చూశాను. తెలుసుకున్నదంతా ఒక్క మాటలో చెప్పాలంటే, కొత్తగా కనిపించేదాన్ని కాదు, మార్చకుండా ఉన్నదాన్ని కొనాలి.

మొదట డయల్. పాత వాచీ విలువలో పెద్ద వాటా దానిదే. అరవై ఏళ్ల డయల్ కొంచెం పసుపెక్కుతుంది, అక్కడక్కడా చుక్క పడుతుంది. అది సహజం. అలా కాకుండా తళతళలాడుతుంటే అనుమానించాలి. పాత డయల్ గీకేసి, రంగు వేసి, పేరు మళ్లీ అచ్చు గుద్ది అమ్మే వ్యాపారం మన దేశంలో బాగా సాగుతోంది. విదేశాల్లో వాచీలు సేకరించేవాళ్లు ఇలాంటివాటికి ‘ముంబై స్పెషల్’ అని పేరు కూడా పెట్టారు. భూతద్దంతో చూడండి. అక్షరాల అంచులు ఉబ్బి ఉన్నాయా? నిమిషాల గీతలు గంటల గుర్తులకు సూటిగా ఉన్నాయా? అడుగున ‘స్విస్ మేడ్’ అన్న మాట ఉందా, ఉంటే వంకరగా ఉందా? దిద్దిన చెక్కు ఎంత అందంగా దిద్దినా బ్యాంకులో చెల్లదు. డయలూ అంతే.

రెండోది కేసు. అంచులు పదునుగా ఉండాలి. మెరుగు పెట్టినకొద్దీ లోహం అరిగి, అంచులు సబ్బు బిళ్లలా గుండ్రబడతాయి. పోయిన లోహం తిరిగి రాదు. గీతలున్న కేసు మేలు, అరగదీసిన కేసు కంటే. బంగారమని చెబితే ముద్ర చూడండి. 18 క్యారెట్లయితే 750 అన్న అంకె ఉంటుంది. 1995కు ముందు నాటి స్విస్ బంగారు కేసుల మీద స్త్రీ తల ముద్ర కనిపిస్తుంది. మైక్రాన్ల లెక్క రాసి ఉంటే అది పూత మాత్రమే.

మూడోది యంత్రం. వెనక మూత తీసి చూపించనివాడి దగ్గర కొనవద్దు. తుప్పు ఉందా, స్క్రూల తలలు చెదిరాయా, యంత్రం మీద కంపెనీ పేరూ నంబరూ ఉన్నాయా చూడాలి. ఆ నంబరును బట్టి ఏ కాలం నాటిదో సుమారుగా తెలుస్తుంది. మంచి రిపేరు షాపుల్లో టిక్కులు విని లెక్క చెప్పే మిషను ఉంటుంది. పూర్తిగా కీ ఇచ్చిన ఆరోగ్యమైన వాచీలో బ్యాలెన్స్ ఊపు 270 నుంచి 300 డిగ్రీల దాకా ఉంటుంది. 200 కంటే తగ్గితే సర్వీసింగ్ చేయించక తప్పదు. ఆ ఖర్చు ముందే బేరంలో కలుపుకోండి.

నాలుగోది అమ్మే మనిషి. నచ్చకపోతే ఇన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటానని రాసి ఇస్తాడా? మీ వాచీ మేస్త్రీకి చూపించనిస్తాడా? డబ్బా, కాగితాలు ఉంటే సంతోషమే. కానీ వాచీ కంటే కాగితం పుట్టించడం సులువని బ్యాంకులో పనిచేసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ధర మరీ తక్కువైతే అదృష్టం అనుకోకండి, ఎందుకు తక్కువో అడగండి.

ఈ లెక్కన రెండు వాచీలు వద్దనుకున్నాను. ఒకటి డయల్ చూసి, ఇంకొకటి మూత తీయనన్నందుకు. మూడోది సికింద్రాబాద్‌లో ఒక కుటుంబం దగ్గర దొరికింది. ఇంటి పెద్దాయన పోయాక పెట్టుకునేవాళ్లు లేరు. డయల్ మీద నాలుగు దగ్గర చిన్న మచ్చ ఉంది. మూత తీస్తే లోపలివైపు సూదితో గీసిన చిన్న చిన్న అంకెలు కనిపించాయి. మా వాచీ మేస్త్రీ చూసి చెప్పాడు, అవి సర్వీసింగ్ చేసినప్పుడల్లా మేస్త్రీలు వేసుకునే గుర్తులని. ఐదు గుర్తులున్నాయి, ఐదు రకాల దస్తూరీలు. ఒకరినొకరు చూసుకోని ఐదుగురు మనుషులు ఒకే యంత్రాన్ని విప్పి, కడిగి, నూనె వేసి, మళ్లీ బిగించారు. ఆ పెద్దాయన ఎన్నడూ నిర్లక్ష్యం చేయలేదని అర్థమైంది. ఏ కాగితమూ ఇంత నమ్మకంగా చెప్పలేదు. ఆ మచ్చతో సహా కొన్నాను.

కొన్నాక చేయాల్సింది తక్కువే. రోజూ ఒకే వేళకు కీ ఇవ్వండి, చేతికి బిగువు తగలగానే ఆపేయండి. నీళ్లకు దూరంగా ఉంచండి. తారీఖు ఉన్న వాచీ అయితే రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు వరకు తారీఖు మార్చవద్దు. ఉన్నట్టుండి నిమిషాల లెక్కన ముందుకు పరిగెడితే అయస్కాంతం పట్టి ఉండవచ్చు. స్పీకరు పక్కనో, ఫోను కవరు మీదో పెట్టి ఉంటారు. మేస్త్రీ దగ్గర అర నిమిషం పని. నాలుగైదేళ్లకోసారి నూనె మార్పించండి. నడుస్తోంది కదా అని వదిలేస్తే ఎండిన నూనె మీదే ఇరుసులు అరుగుతాయి.

ఇప్పుడు మీ బీరువాలోని వాచీ సంగతి. బంగారం ధర చూస్తున్నారుగా. పాత బంగారు వాచీని కొట్టుకు తీసుకెళ్తే కేసు తూకం వేసి కరిగిస్తారు. యంత్రం తీసి పక్కన పడేస్తారు. గ్రాముల లెక్కన డబ్బు చేతికొస్తుంది. నాన్నగారు చూసుకున్న టైము మాత్రం ఆ కొలిమిలోనే పోతుంది. అవసరం వచ్చినవాళ్లను నేను తప్పుపట్టను. కానీ అవసరం లేకుండా, ఏం చేయాలో తెలియక కరిగించేవాళ్లే ఎక్కువ. ఇంకొందరు ప్రేమతోనే పాడుచేస్తారు. నాన్నగారి షష్టిపూర్తికి కానుకగా ఇద్దామని డయల్‌కు కొత్త రంగు వేయించి, కేసుకు మెరుగు పెట్టిస్తారు. దాంతో ఆయన వాచీ పోయి, ఎవరిదో వాచీ వస్తుంది. దయచేసి కరిగించకండి, రంగు వేయించకండి, అరగదీయకండి. నూనె వేయించండి, చాలు.

అలా చేయించాలంటే చేసేవాళ్లుండాలి. మన ఊరి బజారులో అద్దాల పెట్టె ముందు కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని పనిచేసే మేస్త్రీలు ఒకప్పుడు నలుగురుండేవారు. ఇప్పుడు ఒక్కరే ఉన్నారు. ఆయన పిల్లలు వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. ఆయనకు కావలసింది సన్మానం కాదు, పని. మనం ఇంటికొక వాచీ తీసుకెళ్లినా ఆ విద్య ఇంకో పదేళ్లు బతుకుతుంది. పనుంటేనే ఎవరైనా కుర్రాడు వచ్చి పక్కన కూర్చుని నేర్చుకుంటాడు. ఈ స్వర్ణోత్సవానికి మనం బడికి గదులు కట్టించాం, మంచి పనే. ఆయన దగ్గర శిష్యుణ్ని పెట్టడానికి ఒక ఏడాది స్టైపెండు ఇవ్వడం పెద్ద ఖర్చు కాదని కార్యవర్గానికి మనవి చేస్తున్నాను. నా వంతు చందా ఇప్పుడే ప్రకటిస్తున్నాను.

నాకిచ్చిన ఇరవై నిమిషాలూ అయిపోయాయి. ఈలోగా నా వాచీ సెకండులో ఆరో వంతు ముందుకు పోయింది. భోజనాలయ్యాక పదో తరగతి వరండాలో కూర్చుంటాను, బజారులోని మేస్త్రీ గారు కూడా వస్తామన్నారు. ఆగిపోయిన వాచీలు తెచ్చినవాళ్లు అక్కడికి రండి, మూత తీసి చూద్దాం. ముఖ్యంగా మా గురువుగార్ల వాచీలు. పీరియడ్ ఎప్పుడవుతుందా అని ఐదేళ్లు దూరం నుంచి చూసినవే, ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలని ఉంది.